సముద్రపు నీటికుక్క జీవితచక్రం పెట్టె: బొమ్మలు ఒక జంతువువి, పుస్తకం ఇంకొక జంతువుది

గత నెలలో మా మనవడి పుట్టినరోజుకు చదువుకు పనికివచ్చే బొమ్మ ఏదైనా కొనాలని కర్నూలులోని ఒక దుకాణానికి వెళ్లి, ‘సముద్రపు నీటికుక్క జీవితచక్రం’ అని పైన రాసి ఉన్న ఈ పెట్టెను 749 రూపాయలకు తెచ్చాను. సముద్రపు నీటికుక్క అంటే ఇంగ్లీషులో సీ ఆటర్ అనే జంతువు. 31 ఏళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పిన దానిని కావడంతో జీవితచక్రం అన్న మాట ఎక్కడ కనబడినా నా చెయ్యి అటే వెళుతుంది. కప్ప, సీతాకోకచిలుక, కోడి, ఈ మూడింటిని దాటి బొమ్మలు చేసేవారు మరో జంతువు జోలికి పోవడం నేను పెద్దగా చూడలేదు. అందుకే ధర కొంచెం ఎక్కువనిపించినా బేరమాడకుండా కొన్నాను. మూడు వారాలు వాడిన తరువాత, ఇదే పెట్టె కొనాలనుకునే తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. తయారుచేసినవారి పేరు, దుకాణం పేరు రాయడం లేదు.

పెట్టెలో మెత్తని రబ్బరుతో చేసిన ఐదు జంతువుల బొమ్మలు ఉంటాయి: అప్పుడే పుట్టిన పిల్ల, వెల్లకిలా పడుకున్న తల్లి, మూడు నెలల పిల్ల, ఎదిగీ ఎదగని పిల్ల, పెద్ద మగది. వీటికి తోడు రెండు సీ అర్చిన్లు (ముళ్లబంతిలా ఉండే సముద్రజీవులు), ఒక ఎండ్రకాయ, ఒక రాయి, కెల్ప్ అనే సముద్రపు నాచును పోలిన ఆకుపచ్చ ప్లాస్టిక్ పట్టీ, అరచేతి వెడల్పున్న కృత్రిమ బొచ్చు ముక్క, 24 పేజీల తెలుగు పుస్తకం. అట్ట మీద 12 వస్తువులు అని అచ్చువేశారు. మా పెట్టెలో 11 మాత్రమే ఉన్నాయి. లేనిది రాయి. దాని సంగతి చివర చెబుతాను.

ముందుగా బొమ్మల గురించి. వీటిని మలిచినవారు ఎవరో గాని, ఆ జంతువును శ్రద్ధగా గమనించి మలిచారు. అప్పుడే పుట్టిన పిల్లకు కళ్లు తెరిచే ఉన్నాయి, ఒంటి మీద లేత పసుపు కలిసిన గోధుమరంగు బొచ్చు ఉబ్బినట్టు ఉంది, నోరు తెరిచి ఉండడంతో చిన్న పళ్లు కూడా కనిపిస్తాయి. నిజంగా కూడా సముద్రపు నీటికుక్క పిల్ల కళ్లు తెరుచుకుని, సుమారు పది పళ్లతో, నిండు బొచ్చుతో పుడుతుంది. పుట్టినప్పుడు బరువు ఒకటిన్నర నుంచి రెండు కిలోలు, కొన్నిసార్లు ఆపైన కొంచెం ఉంటుంది. తల్లి బొమ్మ వెనుక కాళ్లు తెడ్డులా చదునుగా, వేళ్ల మధ్య చర్మంతో ఉన్నాయి. పైగా వెనుక పాదంలో బయటివైపు వేలు అన్నిటికంటే పొడవుగా ఉండడం నేను భూతద్దం పెట్టి చూసి మరీ నిర్ధారించుకున్నాను. నేల మీద నడవడానికి ఈ అమరిక అడ్డమే, వెల్లకిలా ఈదడానికి మాత్రం తగినది. ఇంత చిన్న విషయాన్ని వదలకుండా మలిచిన ఆ చేతికి నమస్కారం పెట్టాలనిపించింది.

తల్లి రొమ్ము మీద చిన్న గుంట ఉంది. పిల్లను అందులో పెడితే సరిగ్గా ఇముడుతుంది. ఈ ఒక్క అమరిక కోసమే పెట్టె కొనవచ్చునని నా అభిప్రాయం. ఎందుకంటే సముద్రపు నీటికుక్క బాల్యమంతా అక్కడే, తల్లి రొమ్ము మీదే గడుస్తుంది. తల్లి నీళ్లలోనే ఈనుతుంది, పిల్లను ఎత్తి పొట్ట మీద పెట్టుకుని గంటల తరబడి నాకి, దువ్వి, ఆ బొచ్చులోకి గాలి ఊదుతుంది. అలా గాలి నిండిన పిల్ల బెండులా తేలుతుంది, మునగాలన్నా మునగలేదు. తల్లి తిండి కోసం మునిగినప్పుడు పిల్ల అలలకు కొట్టుకుపోకుండా దాని చుట్టూ కెల్ప్ ఆకులు చుట్టిపోతుంది. అంతసేపూ పిల్ల సముద్రపు పక్షిలా కీచుమని అరుస్తూనే ఉంటుంది. పెట్టెలోని ఆకుపచ్చ పట్టీ ఇందుకోసమే. మా మనవడు దాన్ని పిల్ల చుట్టూ రెండు మెలికలు వేసి, తల్లిని బకెట్ అడుగుకు తోసి, మళ్లీ పైకి తెచ్చి, “అవ్వా, అమ్మ అంగడికి పోయొచ్చింది” అన్నాడు. నేను పాఠం చెప్పి ఉంటే ఇంత చక్కగా చెప్పగలిగేదాన్ని కాదు.

అయితే బకెట్‌లోనే ఒక లోపం బయటపడింది. పిల్ల బొమ్మ చక్కగా తేలుతుంది గాని, తల్లి బొమ్మ నీళ్లలో వేసిన మరుక్షణం తిరగబడి బోర్లా తేలుతోంది. వెల్లకిలా తేలడమే జీవనవిధానమైన జంతువు బోర్లా పడితే పిల్ల నీళ్లపాలే కదా. వీపువైపు రబ్బరు బోలుగా, పొట్టవైపు మందంగా ఉండడం దీనికి కారణం. మేము ఒక పాత రూపాయి నాణేన్ని ఎంసీల్‌తో బొమ్మ వీపుకు అతికించి, ఒక రాత్రి ఆరనిచ్చి చూశాము. ఆ తరువాత అది బుద్ధిగా వెల్లకిలా తేలింది. కొన్నవాళ్లు చేసుకోవలసిన మరమ్మతు కాదిది, తయారీలోనే సరిచేయవలసినది.

ఇక పుస్తకం. మొదటి పేజీ నుంచే నాకు అనుమానం మొదలైంది. ఎనిమిదో పేజీకి వచ్చేసరికి తప్పు ఎక్కడ జరిగిందో పూర్తిగా అర్థమైంది. తెలుగులో నీటికుక్క అన్న ఒక్క మాటే నదిలో ఉండే జంతువుకూ, పసిఫిక్ మహాసముద్రపు ఉత్తర తీరాల్లో ఉండే ఈ జంతువుకూ సరిపోతుంది. పుస్తకం రాసినవారు పేరు చూసి నది జంతువు వివరాలు తెచ్చి సముద్రపు జంతువు బొమ్మల పక్కన పెట్టేశారు. ‘ఒడ్డున బొరియలో మూడు నాలుగు పిల్లలను కంటుంది, పిల్లలకు కొన్నాళ్లు కళ్లు తెరుచుకోవు, తండ్రి కూడా కుటుంబంతో కలిసి ఉంటాడు, ఆహారం చేపలు’ అని ఉంది. ఇది మన దేశపు నదుల్లోని నునుపు బొచ్చు నీటికుక్కకు చాలావరకు సరిపోయే వర్ణనే. ఆ జంతువు మనకు పరాయిది కూడా కాదు. మన ఊరి పక్కన పారే తుంగభద్రలోనే, ఎగువన కర్ణాటకలో సుమారు 34 కిలోమీటర్ల మేర 2015లో నీటికుక్కల సంరక్షణ ప్రాంతాన్ని ప్రకటించారు. అది ఏడు నుంచి పదకొండు కిలోల బరువుండి, గుంపుగా చేపలు వేటాడి, రాత్రికి ఒడ్డుకు చేరే జంతువు. సముద్రపు నీటికుక్కలో మగది 45 కిలోల వరకు కూడా తూగుతుంది, నీటికుక్కలన్నీ చేరే మస్టెలిడే అనే జంతు కుటుంబంలో అన్నిటికంటే బరువైనది అదే. తినడం, నిద్రపోవడం, జతకట్టడం, ఈనడం అన్నీ నీళ్లలోనే చేయగలదు.

పాపం, బొమ్మలు ఒకటి చెబుతుంటే పుస్తకం మరొకటి చెప్పడం పిల్లవాడు రెండో రోజే పట్టుకున్నాడు. “అవ్వా, కళ్లు తెరవదని రాసినారు, దీనికి కళ్లు తెరిచే ఉన్నాయి కదా?” అని పిల్ల బొమ్మను నా ముక్కు దగ్గర పెట్టాడు. బొమ్మనే నమ్మమని చెప్పాను.

పిల్లల సంఖ్య విషయంలో తప్పు చిన్నదిగా కనిపించవచ్చు గాని, ఈ జంతువు జీవితంలో అదే కీలకం. సముద్రపు నీటికుక్క ఒక్కో ఈతకు ఒక్క పిల్లనే కంటుంది. ఎప్పుడైనా కవలలు పుట్టినా సాధారణంగా ఒకటే దక్కుతుంది, రెండింటినీ పొట్ట మీద పెట్టుకుని పోషించడం తల్లికి శక్తికి మించిన పని. గర్భధారణ కూడా విచిత్రంగా ఉంటుంది: ఫలదీకరణ చెందిన అండం వెంటనే గర్భాశయపు గోడకు అతుక్కోకుండా కొంతకాలం ఆగిపోయి, ఆ తరువాత నాలుగు నెలల పాటు పెరుగుతుంది. అందువల్ల మొత్తం గర్భకాలం నాలుగు నెలల నుంచి పన్నెండు నెలల వరకు ఎంతైనా కావచ్చు, పిల్లలు సంవత్సరంలో ఏ నెలలోనైనా పుట్టవచ్చు. పుస్తకంలో ఈ భాగమే లేదు. జీవితచక్రం అని పేరు పెట్టుకున్న పుస్తకంలో గర్భధారణ గురించి ఒక్క వాక్యం కూడా లేకపోవడాన్ని నేను క్షమించలేకపోతున్నాను. ఆరో తరగతి లోపు పిల్లలకు అవసరం లేదనుకున్నారేమో. మన పల్లెల్లో ఆ వయసు పిల్లలు గేదె చూడి కట్టిందో లేదో మనకంటే ముందే చెబుతారు.

మగ బొమ్మ మీద ‘నాన్న’ అని చీటీ అతికించారు. దాన్ని పీకేయమని నా సలహా. ఈ జాతిలో మగది పిల్లల పెంపకంలో పాలుపంచుకోదు. జతకట్టేటప్పుడు ఆడదాని ముక్కును పళ్లతో పట్టుకుంటుంది. ఆ గాయాల మచ్చలు ఎంత స్పష్టంగా మిగిలిపోతాయంటే వాటిని బట్టి ఒక్కొక్క ఆడదానిని పరిశోధకులు గుర్తుపడతారు. తల్లి బొమ్మ ముక్కు మాత్రం నున్నగా, కొత్త చెప్పు తోలులా మెరుస్తోంది. పిల్లల బొమ్మ మీద గాయం చూపించకపోవడం సరే, ఆ కుటుంబంలో లేని తండ్రిని చూపించడం మాత్రం సరికాదు.

అన్నిటికంటే పెద్ద తప్పు 14వ పేజీలో ఉంది. చల్లని నీటిలో ఈ జంతువు ఎలా బతుకుతుందో తెలుసుకోవడానికి ఒక ప్రయోగం ఇచ్చారు: ప్లాస్టిక్ కవరులో వనస్పతి నింపి, దానిలో ఇంకొక కవరు తొడిగిన చెయ్యి పెట్టి, ఐస్ నీళ్లలో ముంచితే చలి తెలియదు, ‘చర్మం కింద ఉండే మందపాటి కొవ్వు నీటికుక్కను ఇలాగే కాపాడుతుంది’ అట. ప్రయోగం మంచిదే, పాతదే. కాని అది తిమింగలానికో సీల్‌కో చెందిన ప్రయోగం. చాలా సముద్ర క్షీరదాలకు ఉండే ఆ కొవ్వు పొర ఈ నీటికుక్కకు లేదు. దానికున్నదల్లా బొచ్చు. చదరపు సెంటీమీటరుకు, అంటే దాదాపు మన బొటనవేలి గోరంత స్థలంలో, 1,50,000 దాకా వెంట్రుకలు ఉంటాయి. మన తల మొత్తం మీద ఉండేవి సుమారు లక్ష. జంతువులన్నిటిలో ఇంత దట్టమైన బొచ్చు మరొకదానికి లేదు. పైన పొడవైన గట్టి వెంట్రుకలు నీటిని ఆపుతాయి, కింద పొట్టి మెత్తని వెంట్రుకలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని గాలిని పట్టి ఉంచుతాయి. చర్మానికి నీరు తగలదు. నీటికీ ఒంటికీ మధ్య ఉన్నది కొవ్వు కాదు, గాలి.

ఈ ఒక్క విషయం పట్టుకుంటే జీవితచక్రమంతా దానంతట అదే విప్పుకుంటుంది. కొవ్వు నిల్వ లేదు కాబట్టి ఒంటి వేడి నిలవాలంటే తిండి కావాలి, అందుకని రోజుకు తన బరువులో నాలుగో వంతు దాకా తింటుంది. 20 కిలోల ఆడది అయిదు కిలోల దాకా తినాలన్న మాట. బొచ్చు మురికి పడితే గాలి నిలవదు కాబట్టి మెలకువగా ఉన్న సమయంలో పెద్ద భాగం దువ్వుకోవడంతోనే సరిపోతుంది. పిల్ల తన బొచ్చును తాను చూసుకోలేదు కాబట్టి ఆ పని కూడా తల్లిదే. పిల్ల ఆరు నెలల దాకా తల్లి మీదే ఆధారపడుతుంది, ఆ కాలం చివరికి వచ్చేసరికి తల్లికి కావలసిన శక్తి మామూలుకంటే దాదాపు రెట్టింపు అవుతుంది. కొందరు తల్లులు పిల్ల వేరుపడే నాటికి చిక్కి శల్యమై, చిన్న గాయానికి కూడా తట్టుకోలేక చనిపోతారు. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి ముడిచమురు ఒలికినప్పుడు ఈ జంతువులు అంత పెద్దసంఖ్యలో చనిపోవడానికి ముఖ్యకారణాలలో ఒకటి చమురు అంటి బొచ్చు అతుక్కుపోవడం, లోపలి గాలి పోవడం.

ఆ వనస్పతి ప్రయోగానికి బదులు మేము ఇంకొకటి చేశాము. ఒక కవరు తొడిగి చేతిని ఐస్ నీళ్లలో ముంచితే మా మనవడు 30 లెక్కపెట్టేలోగా బయటికి తీసేశాడు. రెండు కవర్ల మధ్య ఫ్రిజ్‌తో వచ్చిన బుడగల కవరును చేతికి చుట్టి ముంచితే 100 దాటినా తీయలేదు. తరువాత సూదితో ఆ బుడగలన్నీ పగలగొట్టించి మళ్లీ ముంచమన్నాను. “ఇప్పుడు చమురు పడిందా అవ్వా?” అని వాడే అడిగాడు. పెట్టెలో ఇచ్చిన కృత్రిమ బొచ్చు ముక్క ఈ పనికి పనికిరాదు, అది మొదటి ముంచుకే తడిసి ముద్దయింది.

మూడు నెలల పిల్ల బొమ్మ విషయంలో పుస్తకం కూడా సరిగ్గా చెప్పింది. ఆ వయసుకు పసిబొచ్చు రాలి పెద్ద బొచ్చు వస్తుంది, అప్పుడే పిల్ల బాగా మునగగలుగుతుంది. మొదట్లో అది అడుగు నుంచి తెచ్చేవి తినడానికి పనికివచ్చేవి కావు, మెరిసే గులకరాళ్లు, నక్షత్రచేపలు. ఈ వాక్యం చదివి మా ఇంట్లో నవ్వుకున్నాము, ఎందుకో మా వాడి జేబులు చూసినవాళ్లకు తెలుస్తుంది. ఆ తరువాత తల్లి చేతిలోంచి లాక్కుని తింటూ, చూస్తూ నేర్చుకుంటుంది. ఆడవి మూడు నాలుగేళ్లకు, మగవి అయిదేళ్ల ప్రాంతానికి ఈడుకు వస్తాయి. మగవి పది పదిహేనేళ్లు, ఆడవి పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతాయి. ఇవన్నీ ఒక పట్టికలో ఇచ్చారు, పట్టిక బాగుంది.

తిండి పేజీలో మళ్లీ చేపల బొమ్మే. అలాస్కాలో కొన్నిచోట్ల చేపలు తింటాయి, నిజమే. కాని వాటి ప్రధాన ఆహారం సీ అర్చిన్లు, ఎండ్రకాయలు, ఆల్చిప్పలు, అబలోన్ అనే పెద్ద నత్తలు. పెట్టెలో ఇచ్చిన అర్చిన్లు రెండూ ఊదారంగువి, ఇది కూడా బొమ్మలు చేసినవారి తెలివే. ఊదా అర్చిన్లను విపరీతంగా తినే నీటికుక్కల పళ్లకూ ఎముకలకూ ఆ రంగు పట్టేస్తుంది. చర్వణకాలు, అంటే దవడపళ్లు, కోరల్లా కాక చదునుగా గుండ్రంగా ఉంటాయి, మాంసం కోయడానికి కాదు, పెంకులు నలగ్గొట్టడానికి. పళ్లకు లొంగని పెంకును పొట్ట మీద పెట్టుకున్న రాయికి కొట్టి పగలగొడుతుంది. ముందుకాలి చంకలో వదులైన చర్మం సంచిలా ఉంటుంది. తిండినీ రాతినీ అందులో దాచుకుని పైకి వస్తుంది. అర్చిన్లను ఇవి తినకపోతే అర్చిన్లు కెల్ప్ అడవులను మొదలంటా మేసేస్తాయన్న సంగతి పుస్తకంలో రెండు పేజీల బొమ్మతో వివరించారు, ఆ పట్టిక కాక మొత్తం పుస్తకంలో మెచ్చుకోదగ్గది ఆ రెండు పేజీలే.

వేట గురించి ‘ఒకప్పుడు మనుషులు వేటాడేవారు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. 1741లో రష్యా నుంచి అలాస్కా వైపు సాగిన బేరింగ్ సముద్రయాత్ర నుంచి తిరిగివచ్చినవారు ఈ చర్మాలను తెచ్చిన తరువాత మొదలైన వ్యాపారం, 1911లో అంతర్జాతీయ ఒప్పందంతో ఆగేసరికి లక్షన్నర నుంచి మూడు లక్షల దాకా ఉండేవని అంచనా వేసిన జంతువులను సుమారు రెండు వేలకు తగ్గించింది. కాలిఫోర్నియాలో పూర్తిగా పోయాయనుకున్న తరుణంలో 1938లో బిగ్ సర్ తీరంలో ఒక చిన్న గుంపు జనం కంటపడింది. ఈనాడు అక్కడున్నవన్నీ ఆ మిగిలినవాటి సంతానమే. చల్లని నీటిలో ప్రాణం నిలిపిన బొచ్చే వేటగాడిని కూడా పిలిచింది. ఈ మాట పిల్లల పుస్తకంలో రాయడానికి అర పేజీ చాలు.

పోయిన రాయి సంగతి. మరుసటి రోజే రసీదు పట్టుకుని దుకాణానికి వెళ్లాను. “రాయే కదా టీచరమ్మా, ఇంటి ముందర దొరకదా?” అన్నాడు అక్కడున్న అబ్బాయి. మర్యాదగానే అన్నాడు, కాని ఆ పెట్టెలో ఉన్నవాటిలో పనిముట్టు అదొక్కటేనని అతనికి తెలిసినట్టు లేదు. పెట్టె మీది చిరునామాకు ఉత్తరం రాశాను. పుస్తకంలోని తప్పులను పేజీల వారీగా ఒక కాగితం మీద రాసి దానికి జతచేశాను. 16 రోజులకు ఒక కవరులో రాయి వచ్చింది, బూడిదరంగు రబ్బరుది, ఎండ్రకాయ మీద వేసి కొడితే రాయే నొక్కుకుపోతోంది. తప్పుల గురించి జవాబు రాలేదు.

బొమ్మలకు అయిదులో నాలుగు, పుస్తకానికి ఒకటి ఇస్తాను. బొమ్మలను మాత్రం విడిగా 400 రూపాయలకు అమ్మితే ఇంకో రెండు సెట్లు కొని మా పాత పాఠశాలకు ఇస్తాను. కొనేవాళ్లు 8, 9, 14 పేజీలను పిన్ను కొట్టి మూసి ఇవ్వండి, ‘నాన్న’ చీటీ తీసేయండి, తల్లి వీపుకు నాణెం అతికించండి. రబ్బరు రాయిని మా వాడు పక్కన పారేశాడు. ఆదివారం తుంగభద్ర ఒడ్డుకు తీసుకువెళితే అరగంట వెతికి, చింతగింజంత నల్లరాయి ఒకటి ఏరుకొచ్చి తల్లి బొమ్మ చంకలో ఇరికించాడు. కుడి చంకలో పెట్టాడు, ఎక్కువగా ఎడమ చంకనే వాడతాయని చెప్పాను. తీసి ఎడమవైపు పెట్టాడు. అక్కడ అచ్చులోనే గాడి ఉంది, రాయి అందులో కదలకుండా కూర్చుంది.